ఫార్మాటు కొట్టించెయ్ నాన్నా!

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. రాత్రి పదకొండింటికి మీ ప్రొడక్షన్ సర్వర్ మొరాయించింది. ఆ వారం ఆన్-కాల్ మీరే. కాల్‌లోకి మేనేజరు వచ్చాడు, క్లయింటు వైపు నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు. అప్పుడు మీరు "ఏముందండీ, డిస్కు మొత్తం చెరిపేసి మళ్ళీ మొదట్నుంచి ఇన్‌స్టాల్ చేసేద్దాం" అన్నారనుకోండి. ఏమవుతుంది? లాగ్స్ చూశావా అంటారు. నిన్న ఏం మార్చారు అంటారు. బ్యాకప్ ఎప్పటిది అంటారు. ఆ మాట అన్నందుకు అప్రైజల్లో మళ్ళీ గుర్తుచేస్తారు.

అదే మనిషి, అదే నోటితో, ఇంటి నుంచి ఫోనొస్తే ఏమంటాడు?

"ఫార్మాటు కొట్టించెయ్ నాన్నా!"

అన్నవాణ్ణి నేనే. అందుకే ఈ టపా. ఇందులో తిట్లు కాస్త ఎక్కువే ఉంటాయి. మొదటి వాటా నేనే తీసుకుంటున్నాను కాబట్టి మిగతావాళ్ళు సర్దుకుపోవాలి :-)

మాది ఖమ్మం. నాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి సామెతల పిచ్చి. బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ అరుగుల మీద ముసలివాళ్ళ పక్కన కూర్చుని, ఏ సామెత ఏ సందర్భంలో వాడతారో అడిగి నోటుపుస్తకాల్లో రాసుకునేవారు. 2015లో, నేను ఎంసెట్ రాసిన ఏడాది, సికింద్రాబాదు సీటీసీలో నాకోసం ఒక అసెంబుల్డ్ కంప్యూటరు కొన్నారు. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డుడిస్కు. నేను లాప్‌టాప్ కొనుక్కున్నాక అది ఆయనదైపోయింది. తెలిసినవాళ్ళ డీటీపీ సెంటర్లో కూర్చుని అను ఫాంట్లలో టైపు చెయ్యడం నేర్చుకున్నారు. రోజుకి పది సామెతల చొప్పున, పుస్తకం తర్వాత పుస్తకం, వర్డులోకి ఎక్కించారు. నాలుగు వేల పైచిలుకు. టైపు అయిపోయాయి కదా అని ఆ నోటుపుస్తకాలు పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన వెళ్ళిపోయాయి. ఆ రోజు ఇంట్లో ఎవరమూ ఏమీ అనలేదు. కంప్యూటర్లో ఉన్నాయి కదా!

2025 ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే నాన్న ఫోను. నేను స్టాండప్‌లో ఉన్నాను, మ్యూట్ చేసుకుని ఎత్తాను.

"ఒరేయ్, ఈ కంప్యూటరు ఆన్ చెయ్యగానే ఎఫ్ 1 నొక్కమంటోందిరా. నొక్కితే వస్తోందనుకో. కానీ ఏ సైటు తెరిచినా ఏదో హెచ్చరిక. గడియారం సంగతేదో ఇంగ్లీషులో రాస్తోంది."

"వైరస్ అయ్యుంటుంది నాన్నా. షాపుకిచ్చి ఫార్మాటు కొట్టించెయ్."

"మరి నా ఫైళ్ళో?"

"డి డ్రైవులోవి ఎక్కడికీ పోవులే."

కాల్ నిడివి నిమిషంన్నర. తర్వాత లాగ్‌లో చూసుకున్నాను లెండి, అలా చూసుకోవడం మనకి అలవాటే కదా.

ఇది చదువుతున్న మీలో హార్డువేరు తెలిసినవాళ్ళకి ఈపాటికి జబ్బేంటో అర్థమైపోయి ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అని. 3 వోల్టులది. కంప్యూటరుకి కరెంటు తీసేసినా లోపలి గడియారం నడిచేది దానివల్లే. పదేళ్ళ తర్వాత అది అయిపోయింది. అయిపోతే ఏమవుతుంది? స్విచ్ బోర్డు దగ్గర కరెంటు ఆపేసి మళ్ళీ వేస్తే తేదీ ఎప్పటికో వెనక్కెళ్ళిపోతుంది. బయాస్ తన సెట్టింగులు పోయాయని చెప్పి ఎఫ్ 1 నొక్కమంటుంది. ఇహ బ్రౌజరు ఏ సైటుకెళ్ళినా ఆ సైటు సర్టిఫికెట్ మీద తేదీ చూస్తుంది. కంప్యూటరు తేదీ ప్రకారం ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు! కాబట్టి "మీ గడియారం వెనకబడి ఉంది" అని హెచ్చరిస్తుంది. విండోసుకి గడియారాన్ని నెట్ నుంచి సరిచేసుకునే ఏర్పాటు ఉంది కానీ, తేడా గంటల్లో కాకుండా ఏళ్ళలో ఉంటే మామూలు సెట్టింగులతో అది తనంతట తాను దిద్దుకోదు.

అంటే జబ్బు పేరు తెర మీద రాసి ఉంది. నాన్న దాన్ని చదివి వినిపించారు కూడా. ఇంజినీరింగు చదివి, ఆరేళ్ళుగా సాఫ్టువేరు రాసి బతుకుతున్న నేను వినిపించుకోలేదు. ముప్పై నలభై రూపాయల బ్యాటరీకి ఫార్మాటు మందు రాశాను.

షాపులో ఫార్మాటు కొట్టారు. విండోస్ ఎక్కించారు, తేదీ సరిచేశారు, అన్నీ తెరుచుకున్నాయి. నాన్న ఇంటికి తెచ్చుకున్నారు. రాత్రి పడుకోబోయే ముందు అలవాటు ప్రకారం బోర్డు దగ్గర స్విచ్ ఆపేశారు. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే.. ఎఫ్ 1 నొక్కండి!

జబ్బు అలాగే ఉంది. సామెతలు మాత్రం పోయాయి. ఎందుకంటే అవి డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లో ఉన్నాయి, డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవులో.

ఇక్కడ మన తెలుగునాట ప్రతి ఇంట్లో చెలామణీ అయ్యే ఒక మూఢనమ్మకం గురించి చెప్పాలి. "డి డ్రైవు సేఫ్." ఆ మాటలో ఉన్న నిజం ఇంతే: షాపువాడు సి మాత్రమే ఫార్మాటు చేస్తాడు కాబట్టి డి మిగులుతుంది. కానీ మామూలు మనుషులు దాచుకునేది ఎక్కడ? డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో. ఆ మూడూ మామూలుగా సి లోనే. పైగా సి, డి రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతలు. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి. దీన్ని బ్యాకప్ అనుకోవడమంటే ఒకే జేబులో రెండు పర్సులు పెట్టుకుని, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందిలే అనుకోవడం.

ఇంకో దెబ్బ కూడా ఉంది. 2019లో ఎప్పుడో నేను కాపీ చేసి పెట్టిన కొన్ని ఫైళ్ళు డి డ్రైవులో బాగానే ఉన్నాయి. నాన్న తెరిచారు. తెరిస్తే తెలుగు లేదు! పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలూ, యాసలూ, ఫుల్‌స్టాపులూ. అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి నడిపించే పద్ధతి. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంటు ఉండేది విండోస్ ఫోల్డర్లో, అది ఫార్మాటులో పోయింది. అంటే "సేఫ్" అయిన ఫైళ్ళు కూడా చదవడానికి పనికిరాకుండా మిగిలాయన్నమాట. అప్పుడు నాన్న నాకు ఫోన్ చెయ్యలేదు. వాడు బిజీగా ఉంటాడులే అనుకున్నారట. దసరాకి ఇంటికెళ్తే అమ్మ చెప్పింది.

సరే, నా ఏడుపు అయింది. ఇప్పుడు వాదన.

ఫార్మాటు అనేది రిపేరు కాదు. సాక్ష్యాలు చెరిపెయ్యడం. కంప్యూటరు ఎందుకు మొరాయించిందో చెప్పే ప్రతి ఆధారమూ, అంటే ఈవెంట్ వ్యూయర్లో లాగ్స్, స్టార్టప్‌లో చేరిన ప్రోగ్రాములు, తెర మీద వచ్చిన ఎర్రరు, అన్నీ దాంతో పోతాయి. ఆ తర్వాత కంప్యూటరు బాగా నడిస్తే ఎందుకు బాగుపడిందో మనకి తెలీదు. నడవకపోతే ఎందుకు నడవట్లేదో అసలే తెలీదు. ఇది మనకి తెలియని విషయమా? మనం రోజూ చేసే ఉద్యోగమే అది కదా!

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాక కాదు. ఎక్స్‌పీ రోజుల్లో అది కొంతవరకు సబబే. పెన్‌డ్రైవు పెట్టగానే ఆటోరన్ వైరస్, ప్రతి ఫోల్డరు పక్కనా అదే పేరుతో ఒక ఈఎక్స్‌ఈ. నా చిన్నప్పుడు నెట్ సెంటరు అన్న నెలకోసారి అన్ని కంప్యూటర్లూ ఫార్మాటు కొట్టేవాడు. పోయేదేమీ లేదు, ఎవరి ఫైళ్ళూ అందులో లేవు కాబట్టి. నెట్ సెంటరు వైద్యం అది. దాన్నే మనం ఇరవై ఏళ్ళ తర్వాత అమ్మానాన్నల కంప్యూటర్లకి చేయిస్తున్నాం.

షాపు కుర్రాణ్ణి నేను తిట్టను. వాడి లెక్క వాడిది. ఫార్మాటుకి నాలుగొందలు ఇస్తాం, అరగంట పని. "బ్యాటరీ అయిపోయిందండీ" అని చెప్పడానికి గంట వెతికితే ఎంతిస్తాం? బ్యాటరీ ఖరీదు ముప్పై రూపాయలు ఇచ్చి, ఇంత చిన్నదానికి డబ్బులేంటయ్యా అంటాం. వెతకడానికి డబ్బులివ్వని చోట ఎవడూ వెతకడు. మనమేమో వెతకడానికే జీతం తీసుకునేవాళ్ళం. కాబట్టి తప్పు మనది.

మరి ఏం చూడాలి? దసరాకి ఇంటికెళ్ళి ఆ డబ్బా ముందు కూర్చున్నప్పుడు నేను చూసిన వరస చెప్తాను. అంతా కలిపి ఒక పూట పని. చాలామటుకు ఫోను మీద కూడా చెయ్యొచ్చు.

మొదటిది, తెర మీద ఏముందో చదవడం. వాట్సాప్‌లో ఫొటో తీసి పంపమంటే చాలు. "ఏదో ఎర్రరు" అని వినగానే మన చెవులు మూసుకుపోతాయి. ఆ "ఏదో" ఏంటో అడగండి.

రెండు, గడియారం. తేదీ తప్పుగా ఉంటే ముందు బ్యాటరీ మార్చండి.

మూడు, సి డ్రైవులో ఖాళీ ఎంత? ఎర్రగా నిండిపోయి ఉంటే అప్‌డేట్లు ఎక్కవు, అన్నీ నత్తనడకే. దానికి మందు ఖాళీ చెయ్యడం.

నాలుగు, డిస్కు ఆరోగ్యం. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి స్మార్ట్ అనే చిట్టా తనే రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో చూడొచ్చు. హార్డుడిస్కయితే అందులో 5, 197, 198 నంబర్ల దగ్గర అసలు విలువ సున్నా ఉండాలి. 5 అంటే చెడిపోయి పక్కనపెట్టిన సెక్టార్లు, 197 అంటే అనుమానంలో ఉన్నవి, 198 అంటే చదవలేకపోయినవి. ఇవి సున్నా దాటి పెరుగుతుంటే ఆ డిస్కు పోయేదారిలో ఉన్నట్టు. అలాంటి డిస్కు మీద ఫార్మాటు కొట్టి కొత్త విండోస్ ఎక్కించడమంటే పునాది కుంగుతున్న ఇంటికి సున్నం వెయ్యడం. మా నాన్న డిస్కులో 197 దగ్గర అప్పటికే సంఖ్య కనిపిస్తోంది. షాపులో చూసుంటే తెలిసేదే.

అయిదు, ర్యామ్. ఆన్ చేస్తే బీప్ బీప్ మని తెర నల్లగా ఉంటే ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచు మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ పెట్టండి. నవ్వకండి, మన దుమ్ముకి చాలాసార్లు పనిచేసే వైద్యం అది. ఆ తర్వాతా ఉన్నట్టుండి నీలి తెర వస్తుంటే ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి.

ఆరు, వేడి. మూత తీసి దుమ్ము దులపండి. ప్రాసెసర్ మీద పేస్టు పదేళ్ళలో ఎండిపోయి ఉంటుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దాన్ని మనం "విండోస్ స్లో అయింది" అంటాం. మూత తీసినప్పుడే బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయేమో కూడా ఒక చూపు చూడండి.

ఈ ఆరింటిలో ఫార్మాటుతో బాగయ్యేవి ఎన్ని? సి డ్రైవు నిండిపోవడం ఒక్కటే. అది కూడా మీ ఫైళ్ళు పారేసి ఖాళీ చెయ్యడం ద్వారా.

"మరి ఫార్మాటు చేశాక నిజంగానే స్పీడు పెరుగుతుంది కదా" అంటారు. నాల్రోజులు పెరుగుతుంది, స్టార్టప్‌లో చెత్త పోయింది కాబట్టి. ఆ చెత్త టాస్క్ మేనేజర్‌లో పది నిమిషాల్లో ఆపెయ్యొచ్చు. అసలు కారణం వేరే ఉంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. సగటున సగం చుట్టు ఆగాలి, దానికి తోడు హెడ్ కదలాలి. మొత్తం మీద చెల్లాచెదురుగా ఉన్న డేటాని సెకనుకి వందకి అటూఇటూగా మాత్రమే చదవగలదు. మామూలు ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకి వేలల్లో చేస్తుంది. విండోస్ 10 నేపథ్యంలో ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం అని కనిపించేది అందుకే. ఇది సాఫ్టువేరు పాతబడటం కాదు, భౌతికశాస్త్రం. పదిసార్లు ఫార్మాటు కొట్టినా చుట్టు తిరగడానికి పట్టే టైము తగ్గదు.

ఇంత చెప్పాను కదా అని మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యడమే తప్పని నేననట్లేదు. చెయ్యాల్సిన సందర్భాలు ఉన్నాయి. నిజంగా వైరస్ లోతుగా దిగినప్పుడు, డిస్కు మార్చినప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాలం చెల్లినప్పుడు. కానీ అది ఆఖరి మెట్టు. దానికో పద్ధతుంది. ఆ పద్ధతి మనందరికీ తెలుసు, ఆఫీసులో దాన్ని మైగ్రేషన్ అంటాం.

పద్ధతి ఏంటంటే, వీలుంటే పాత డిస్కుని ముట్టుకోకండి. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని దాని మీద ఎక్కించండి, పాతది తీసి బీరువాలో పెట్టండి. ఈమధ్య మెమరీ ధరలు పెరిగిన మాట నిజమే. అయినా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొత్త కంప్యూటరు ఖరీదులో చిన్న ముక్కే. కొనడం కుదరకపోతే పాత డిస్కుని మొత్తంగా ఇంకో డిస్కులోకి ఇమేజ్ తీసుకోండి. ఏయే ప్రోగ్రాములున్నాయి, ఏయే ఫాంట్లున్నాయి, ప్రింటరు ఏది, లైసెన్సు ఏది, ఒక కాగితం మీద రాసుకోండి. ఫాంట్ల ఫోల్డరు కాపీ చేసుకోండి. మరీ ముఖ్యంగా, ఆ కంప్యూటరు వాడే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు ఏం దాచుకున్నావు, ఎక్కడ దాచుకున్నావు" అని అడగండి. నేను అడగనిది అదే.

తర్వాతి మాట, ఏం ఎక్కించాలి? దీని మీద మన వాళ్ళలో రెండు వర్గాలున్నాయి.

మొదటి వర్గం: "ఏదో ఒక విండోస్ వేసెయ్, యాక్టివేటర్ ఉందిగా." షాపుల్లో ఎక్కించేదీ చాలాచోట్ల ఇదే. మా కంప్యూటరులో 2015 నుంచీ ఉన్నదీ అదే, ఒరిజినలా అని మేమూ అడగలేదు. ఎవడో తయారుచేసిన యాక్టివేటర్ని, యాంటీవైరస్ ఆపి, అడ్మిన్ హక్కులిచ్చి నడపడమంటే దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమే. ఆఫీసు లాప్‌టాప్ మీద అలాంటి పని చేస్తే మన ఉద్యోగం పోతుంది. నాన్న బ్యాంకు పాస్‌వర్డు టైపు చేసే కంప్యూటరు మీద మాత్రం చేసెయ్యొచ్చా? పైగా యాక్టివేషన్ పోతుందేమోనని అప్‌డేట్లు ఆపేస్తారు. అప్‌డేట్లు ఆపితే ఏమవుతుందో 2017 మే 12న చూశాం. ఆ రోజు మొదలైన వన్నాక్రైకి విరుగుడు మైక్రోసాఫ్టు మార్చిలోనే, రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని వాటిలో ఉన్నాయి.

రెండో వర్గం: "పాతది పారేసి కొత్తది కొనరాదా?" వీళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, కారణం ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటి వాడకానికి ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లకి మైక్రోసాఫ్టు ఒక పథకం ప్రకటించింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 తర్వాతి ప్రాసెసర్ కావాలి. కాబట్టి లెక్క ప్రకారం మా నాలుగో తరం ఐ3 చెత్తబుట్టకే. అడ్డదారిలో ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి కానీ అలాంటి వాటికి అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పేసింది.

నాకు మండేది ఇక్కడే. ఒక కంపెనీ తన సాఫ్టువేరు ఫలానా యంత్రం మీద నడపనంటే అది ఆ కంపెనీ నిర్ణయం. ఆ యంత్రం చచ్చిపోయిందని దానర్థం కాదు. ఆ ఐ3 నిన్న సామెతలు టైపు చేసింది, ఇవాళ కూడా చేస్తుంది. అది చెత్త అయిందని తీర్పు చెప్పేముందు, అక్షరాలు టైపు చెయ్యడానికి టీపీఎం ఎందుకని ఒక్కసారైనా అడిగామా? ఈ-వేస్టు గురించి ఆఫీసులో పర్యావరణ దినోత్సవం నాడు స్లైడ్లు చూస్తాం. దేశంలో ఈ-వేస్టు నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమల్లోకి వచ్చాయి. ఇంటికొచ్చి "పారెయ్ నాన్నా" అంటాం.

నేనేం చేశానంటే, ముందు పాత డిస్కు తీసి, లినక్సులో డీడీరెస్క్యూతో ఇమేజ్ తీశాను. ఆ ఇమేజ్ మీద ఫొటోరెక్ నడిపాను. క్విక్ ఫార్మాటు పాత డేటాని తుడవదు, పట్టిక మాత్రమే కొత్తది రాస్తుంది. పాత ఫైళ్ళు ఉన్న చోట కొత్తవి పడనంతవరకూ అవి డిస్కు మీద ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ అయ్యుంటే ఈపాటి ఆశ కూడా ఉండేది కాదు. కానీ కొత్త విండోస్ ఎక్కించినప్పుడు కొంత, ఆ తర్వాత రెండు నెలలు వాడినప్పుడు కొంత, పాతవాటి మీద పడిపోయాయి. సగం కన్నా కాస్త ఎక్కువ దొరికాయి. దొరికిన వాటికి పేర్లు లేవు, ఫొటోరెక్ పేర్లు తేలేదు. అన్నీ అంకెలే. బీరువాలో ఫాంట్ల సీడీ దొరకబట్టి అవి తెలుగులో తెరుచుకున్నాయి.

బ్యాటరీ సంగతి చెప్పినప్పుడు నాన్న కోప్పడలేదు. "ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నాం అన్నమాట" అన్నారు. అని నవ్వారు. ఆ నవ్వు కంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

తర్వాత కొత్త బ్యాటరీ, కొత్త ఎస్‌ఎస్‌డీ, లినక్స్ మింట్ వేశాను. ఆ మింట్ 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం హాయిగా సరిపోయింది. నాన్నకి అలవాటైన ఆపిల్ కీబోర్డు లేఔటు లినక్సులో ఎమ్17ఎన్ ప్యాకేజీతో వచ్చింది, అదే వేళ్ళతో ఇప్పుడు యూనికోడ్‌లో కొడుతున్నారు. పాతవి కన్వర్టరుతో మారుస్తున్నాం. ఒత్తుల దగ్గర తప్పులొస్తున్నాయి, ఆయన దిద్దుతున్నారు. ఇకమీదట ఫాంటు పోయినా అక్షరం పోదు. వారానికోసారి పెన్‌డ్రైవులోకి ఒక కాపీ, నా దగ్గర ఒక కాపీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఒప్పుకుంటాను.

అందరూ లినక్సే వేసుకోండని నేను మతప్రచారం చెయ్యట్లేదు. ట్యాలీ నడిపే బాబాయికి విండోసే కావాలి. ఆయనకి కొనుక్కున్న విండోసే వెయ్యండి. అవసరాన్ని బట్టి సిస్టమ్ అన్నది కూడా మనకి ఆఫీసులో తెలిసిన విషయమే.

"మాకంత టైమెక్కడిది బాస్" అనేవాళ్ళకి ఒక్క మాట. నేను ఆ ఫోన్లో మిగుల్చుకున్నది ఒక పది నిమిషాలు. దానికి బదులుగా దసరా సెలవులు మొత్తం, ఆ తర్వాత కొన్ని శనాదివారాలు పోయాయి. నాన్నకి పోయింది సెలవుల్లో కొలిచేది కాదు. ఆ ముసలివాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు, వెళ్ళి మళ్ళీ అడగడానికి.

"మా నాన్న యూట్యూబ్ చూడ్డం తప్ప ఏం చెయ్యడు" అనేవాళ్ళకి ఇంకో మాట. అడిగి చూశారా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. డెస్క్‌టాప్ మీద ఏ ఫోల్డర్లో ఏముందో మనకి తెలీదు. పొలం కాగితాల స్కాన్లుండొచ్చు, చీటీల లెక్కలుండొచ్చు, పోయినవాళ్ళ ఫొటోలుండొచ్చు. మనకి టెస్ట్ డేటా కూడా డిలీట్ చెయ్యడానికి అప్రూవల్ కావాలి. వాళ్ళ జీవితం డిలీట్ చెయ్యడానికి మాత్రం మ్యూట్‌లో ఉండి చెప్పిన ఒక్క ముక్క చాలు. ఎందుకంటే వాళ్ళు మనల్ని నమ్ముతారు. "మావాడు సాఫ్టువేరు, వాడికి తెలుసు" అనుకుంటారు. ఆ నమ్మకాన్ని మనం ఇలా వాడుకుంటున్నాం.

ఈసారి ఇంటి నుంచి ఫోనొస్తే, మీటింగ్‌లో ఉంటే "సాయంత్రం చేస్తాను, అప్పటిదాకా ముట్టుకోకండి, షాపుకి ఇవ్వకండి" అని పెట్టెయ్యండి. సాయంత్రం మర్చిపోకుండా చేసి మూడు ప్రశ్నలు అడగండి. తెర మీద ఏం రాసుంది? ఎప్పట్నుంచి? అందులో నీకు కావలసినవి ఏమున్నాయి, ఇంకెక్కడైనా ఉన్నాయా? మూడోదానికి జవాబు "ఇంకెక్కడా లేవు" అయితే మిగతా పనులన్నీ ఆపి ముందు అవి కాపీ చేయించండి. ఆ తర్వాత కావాలంటే ఫార్మాటు కొట్టుకోండి, నేనేమీ అనను.

నాన్న ప్రస్తుతం అంకెల పేర్లతో ఉన్న ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి పేర్లు పెడుతున్నారు. మధ్యమధ్యలో ఫోన్ చేసి, "ఒరేయ్, మధిరలో ఒకావిడ చెప్పిన సామెత ఒకటి ఉండాలిరా, దొరకట్లేదు" అంటారు. నేను మళ్ళీ ఇమేజ్ మీద వెతుకుతాను.

ఇప్పటిదాకా అది దొరకలేదు.